‘నన్ను బ్యాక్ అప్ చేయలేదు’ అన్నారు.. నా తప్పెక్కడ?

పేరు వద్దన్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబుతున్నాం. ఆమెకు 27 ఏళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంజినీరింగ్. మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. క్లయింట్ అమెరికాలో ఉంటాడు, వారానికొకసారి రాత్రిపూట కాల్. ఈమధ్య ఒక కాల్‌లో ఆమె టీమ్ లీడ్ మేడమ్, “డూప్లికేట్లు మా ప్రోగ్రామ్ వల్ల రావడం లేదు, మీరు పంపిన ఫైల్లోనే ఉన్నాయి” అని గట్టిగా చెప్పారు. క్లయింట్ వెంటనే “కెన్ యు బ్యాక్ దట్ అప్?” అన్నాడు. ఫైళ్లు చూసేది ఈమే కాబట్టి మేడమ్ ఈమె వైపు చూశారు. ఈమె ఉత్సాహంగా “యస్, ఫుల్ బ్యాకప్ తీశాం, నిన్న రాత్రే” అని ఇంగ్లీషులో చెప్పేశారు. అటువైపు నిశ్శబ్దం. కాసేపటికి అతను “ఓకే, లెట్స్ బ్యాక్ అప్ ఎ లిటిల్” అన్నాడు. ఈమె బ్యాకప్ తీసిన టైముతో సహా మళ్లీ చెప్పారు. ఎవరో నవ్వారు. విషయం తర్వాత మాట్లాడుకుందామని కాల్ ముగించారు.

మర్నాడు మేడమ్ “నువ్వు నన్ను బ్యాక్ అప్ చేయలేదు” అన్నారు. రెండు వారాలు మేడమ్ సెలవులో ఉంటే ఆమెకు బ్యాకప్‌గా పనిచేసింది తానే కదా, ఇలా ఎలా అంటారని ఈమె బాధ. రాత్రంతా ఆలోచించి ఒక మెసేజ్ పెట్టారు: “సారీ మేడమ్. ఐ డిడ్ నాట్ బ్యాక్ ఆఫ్ యు. ఐ ఆల్వేస్ బ్యాక్ అప్ యు. దట్ డే ఐ బ్యాక్డ్ అవుట్ బికాజ్ ఆఫ్ ఫియర్.” జవాబుగా “నోటెడ్” అని ఒక్క మాట వచ్చింది. అప్పటినుంచి మేడమ్ ముభావంగా ఉన్నారు. అసలు మేడమ్ చెప్పింది నిజమేనని, క్లయింట్ పంపిన ఫైల్లో 41 వరుసలు రెండేసి సార్లు ఉండటం తాను ముందే చూశానని, ఆ ఫైలు ఇప్పటికీ తన దగ్గరుందని ఈమె రాశారు. ఏం చేయాలి? స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరాలా? కాల్స్‌లో నోరు మూసుకుని కూర్చోవడం మేలా? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: “ఈసారి బ్యాక్ అప్ గొడవ లేకుండా ‘ఐ విల్ స్టాండ్ బై యు’ అని రాయమని మా తమ్ముడు అంటున్నాడు, రాయనా?”

సమాధానం:

మీ కష్టం కాల్‌లో మొదలైంది గానీ ముదిరింది మెసేజ్‌తో. కాబట్టి ముందు మెసేజ్ సంగతి చూద్దాం.

మీరు చెప్పదలచుకుంది ఇది: ‘నేను మిమ్మల్ని వదిలేయలేదు. ఎప్పుడూ మీ పక్షమే. ఆ రోజు భయంతో వెనకాడాను.’ మేడమ్ చదివింది వేరు. ‘బ్యాక్ అవుట్’ అంటే చేస్తానని ఒప్పుకున్న పనిలోంచి తెలిసి తెలిసి తప్పుకోవడం. అడ్వాన్స్ తీసుకుని ఇల్లు అమ్మనన్నవాడు చేసేది బ్యాక్ అవుట్. అంటే మీరు మీ చేత్తోనే ‘మీ తరఫున మాట్లాడాల్సింది, కావాలనే తప్పుకున్నాను’ అని రాసిచ్చారు. ‘నోటెడ్’ ఊరికే రాలేదు. భయంతో మాట రాకపోవడానికి ‘ఐ ఫ్రోజ్’ అంటారు, తటపటాయించడానికి ‘ఐ హెజిటేటెడ్’. ఈ రెండింటిలో ఏది రాసినా సరిపోయేది. ఇక ‘బ్యాక్ ఆఫ్’ అంటే ఒత్తిడి పెట్టడం మానేసి దూరం జరగడం. ‘బ్యాక్ ఆఫ్!’ అని ఎవరైనా గదమాయిస్తే ‘జోక్యం చాలించు, పక్కకు తప్పుకో’ అని. దాని పక్కన ‘యు’ పెడితే ఏ అర్థమూ రాదు. పై అధికారికి రాసిన వాక్యంలో ఆ మాట కనిపించడమే కాస్త మొరటు.

ఇంగ్లీషువాళ్లు ఒకే ‘బ్యాక్’తో ఇన్ని రకాలుగా ఎందుకు మాట్లాడతారని మీరు విసుక్కున్నారు. మన ‘వెనక’ తక్కువదేం కాదు. ‘మా అత్త కొడుకుని వెనకేసుకొచ్చింది’ అంటే అతని పక్షం మాట్లాడింది. ‘మా అత్త బాగానే వెనకేసుకుంది’ అంటే డబ్బు కూడబెట్టింది. వెనకాడింది అంటే జంకింది. వెనకబడింది అంటే పోటీలో దిగజారింది. మొదటి మాట అన్నిటిలోనూ ఒకటే, అర్థాన్ని మోసేది తోక. తెలుగులో పుట్టి పెరిగాం కాబట్టి ఆ తోకను చెవి దానంతటదే పట్టేస్తుంది. ఇంగ్లీషులో మాత్రం ‘బ్యాక్’ వినగానే మనకు తెలిసిన అర్థం దగ్గర ఆగిపోయి, తోకను గాలికి వదిలేస్తాం. ‘అప్’ తోక తగిలితే వెన్నుదన్ను. ఆఫ్, అవుట్, డౌన్ తగిలితే వెనకడుగు. బ్యాక్ డౌన్ అంటే ఎదుటివాడి ఒత్తిడికి తలొగ్గి తన వాదన వదులుకోవడం. మూడూ తగ్గడమే. తేడా దేని నుంచి తగ్గారన్నదే: ఒత్తిడి పెట్టడం నుంచి, ఇచ్చిన మాట నుంచి, చేసిన వాదన నుంచి.

అలాగని ‘అప్’ కనబడితే చాలు, వెన్నుదన్నేనని ధైర్యపడొద్దు. మీరు పడింది సరిగ్గా ఆ గుంటలోనే. బ్యాక్ అప్‌కి ఐదు వాడుకలు ఆఫీసులో రోజూ వినబడతాయి. వాటిని విడదీసే ఆనవాలు దాని కర్మపదం, అంటే ‘దేన్ని?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు. మనిషిని బ్యాక్ అప్ చేస్తే ఆ మనిషి మాటకో పనికో బలం చేకూర్చడం. మాటను, వాదనను, లెక్కను బ్యాక్ అప్ చేస్తే ఆధారం చూపించడం. ఫైలునో ఫోనునో అయితే నకలు తీసి దాచడం. కర్మపదమే లేకపోతే వెనక్కి వెళ్లడం: బండి రివర్స్ చేయడం కావచ్చు, మాటల మధ్యలో ‘లెట్స్ బ్యాక్ అప్’ అంటే ‘ఒక మెట్టు వెనక్కి వెళ్లి మొదట్నుంచి చూద్దాం’ అని కావచ్చు. మీ క్లయింట్ రెండోసారి అన్నది ఇదే. ‘మొదట ఎప్పుడు జరిగింది, అక్కణ్నుంచి చెప్పండి’ అని అడగబోతున్నాడు. ఇక ఐదోది: కాలవ, ట్రాఫిక్, పెండింగ్ టికెట్లు ‘ఆర్ బ్యాక్డ్ అప్’ అంటే ముందుకు కదలక పేరుకుపోయాయని.

మరి ‘కెన్ యు బ్యాక్ దట్ అప్?’లో కర్మపదం ‘దట్’. అది ఫైలూ కావచ్చు, వాదనా కావచ్చు. వాక్యాన్ని విడిగా చూస్తే నిజంగానే రెండర్థాలున్నాయి, కాబట్టి మీరు తెలివితక్కువగా పొరబడ్డారని నేననను. కానీ ఇలాంటి చోట ‘దట్’ వేలు చూపేది సాధారణంగా దానికి ముందున్న మాట వైపు. ముందు మాట మేడమ్ చేసిన ఆరోపణ. ‘డూప్లికేట్లు మీ ఫైల్లోనే ఉన్నాయి’ అన్న వెంటనే ‘దట్’ వస్తే, అది ఆ ఆరోపణే. అదే మీరు ‘సర్వర్ అప్‌గ్రేడ్ చేయబోతున్నాం, డేటాబేస్ పెద్దది’ అని ఉంటే, సరిగ్గా అదే ప్రశ్నకు మీరిచ్చిన జవాబు నూటికి నూరుపాళ్లు సరైనది అయ్యేది. ఇక ముందు అనుమానం వస్తే ‘డు యు మీన్ ద ఫైల్, ఆర్ ద పాయింట్ వుయ్ జస్ట్ మేడ్?’ అని అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు. రెండర్థాల వాక్యాన్ని విడమరిచి అడిగేవాళ్లని మీటింగుల్లో జాగ్రత్తపరులనే అనుకుంటారు.

చెవితో పట్టుకునే ఆనవాలు ఇంకొకటుంది. నకలు అనే అర్థంలో నామవాచకం ‘బ్యాకప్’ ఒక్క మాట. ఊనిక ‘బ్యాక్’ మీద పడుతుంది, ‘అప్’ తేలిపోతుంది. క్రియ రెండు మాటలు, ఊనిక ‘అప్’ మీద. ‘బ్యాక్ దట్ అప్’ అన్నప్పుడు ఆ చివరి ‘అప్’ గట్టిగానే వినబడుతుంది. తెలుగులో మనం పక్కపక్క మాటల్ని సంధి చేసి కలిపేస్తాం కాబట్టి క్రియను కూడా ‘బ్యాకప్’ అనే పలుకుతాం. రాతలోనూ అదే పొరపాటు దొర్లుతుంది: ‘ఐ విల్ బ్యాకప్ ద ఫైల్’ అని కలిపి రాస్తారు, ఇంకొందరు ‘బ్యాకప్డ్’ అని భూతకాలం కూడా తయారుచేస్తారు. క్రియ అయితే విడదీసి రాయాలి, భూతకాలం ‘బ్యాక్డ్ అప్’. నామవాచకమైతే కలిపి.

ఇప్పుడు మీ మెసేజ్‌లోని ‘ఐ ఆల్వేస్ బ్యాక్ అప్ యు’. భావం సరైనదే, కూర్పు తప్పు. మి, యు, హర్, హిమ్, అస్, దెమ్, ఇట్ లాంటి సర్వనామాలు బ్యాక్‌కీ అప్‌కీ నడుమే కూర్చోవాలి: ‘బ్యాక్ యు అప్’, ‘బ్యాక్ మి అప్’. దీనికి మినహాయింపు లేదు. నామవాచకమైతే రెండు చోట్లా కుదురుతుంది: ‘బ్యాక్ అప్ మై లీడ్’ అన్నా సరే, ‘బ్యాక్ మై లీడ్ అప్’ అన్నా సరే. కర్మపదం పొడుగైతే దాన్ని చివరికే నెట్టాలి. ‘బ్యాక్ అప్ ద క్లెయిమ్ వుయ్ మేడ్ లాస్ట్ వీక్’ బాగుంటుంది. దాన్ని నడుమ ఇరికిస్తే ‘అప్’ వచ్చేసరికి వినేవాడికి ‘బ్యాక్’ గుర్తుండదు.

ఆ పైన వచ్చే చిన్న మాటలు కూడా పట్టుకోండి, పని సులువవుతుంది. ఏ విషయంలో అనడానికి ‘ఆన్’: ‘కెన్ యు బ్యాక్ మి అప్ ఆన్ దిస్?’ ఏ ఆధారంతో అనడానికి ‘విత్’: ‘వుయ్ కెన్ బ్యాక్ దట్ అప్ విత్ ద ఒరిజినల్ ఫైల్.’ ఎక్కడికి నకలు అనడానికి ‘టు’: ‘బ్యాక్ ఇట్ అప్ టు ద సర్వర్.’ ఆ రోజు మీ లీడ్‌కు కావలసింది ‘విత్’ ఉన్న వాక్యం.

మీరు సెలవుల్లో చేసిన సాయం గురించి. ‘నేను మేడమ్‌కు బ్యాకప్’ అని నామవాచకంగా అంటే మన ఆఫీసుల్లోనే కాదు, బయటివాళ్లకూ అర్థమవుతుంది. కానీ దాన్ని క్రియగా మార్చి ‘ఐ బ్యాక్డ్ హర్ అప్ ఫర్ టూ వీక్స్’ అంటే రెండు వారాలు ఆమె వాదనను సమర్థించారని అనుకుంటారు. ఒకరి పని వాళ్లు లేనప్పుడు చూడటానికి ‘ఫిల్ ఇన్ ఫర్’ వాడండి. ‘కవర్ ఫర్’ కూడా ఉంది, ఇంకా ఎక్కువ వినబడుతుంది. కాకపోతే దానికి ఒకరి తప్పు బయటపడకుండా కాయడమనే రెండో ముఖం ఉంది, సందర్భం చూసుకోవాలి. ‘కవర్ అప్’ అయితే దాచిపెట్టడమే, అటు పోవద్దు. ఆ రెండు వారాల్లో మీరు పని మోశారు. కాల్‌లో మేడమ్ అడిగింది మాటకు బలం. ఒకటి చేశారు కాబట్టి రెండోది చేసినట్టే అన్న వాదన ఆమె ముందు పెడితే నిలవదు. అది మానేయండి.

ఇంకో తేడా కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఒకచోట ‘మేడమ్ ఏం చెప్పినా వత్తాసు పలకాలా?’ అని ఉంది. బ్యాక్ అప్ అంటే వత్తాసు కాదు. బుర్రకథలో కథకుడికి ఇటు హాస్యం, అటు రాజకీయం అని వంతలు ఇద్దరుంటారు. ‘తందాన తాన’ అనడమే వాళ్ల పనైతే ఇద్దరు అక్కర్లేదు. కథకుడు అన్నదాన్ని అందుకుని, అడిగి, విప్పి జనానికి చేరవేస్తారు. మీటింగులో బ్యాక్ అప్ అడిగితే అదీ కావలసింది: అన్నది ఏమిటో అందుకుని, దానికి మీ చేతిలో ఉన్నది జోడించడం. జోడించడానికి ఏమీ లేనప్పుడు ‘ఐ కాంట్ బ్యాక్ దట్ అప్ రైట్ నౌ, లెట్ మి చెక్’ అనొచ్చు. ఈ వాక్యం ‘మీరు తప్పు’ అనదు, ‘ప్రస్తుతం నా దగ్గర ఆధారం లేదు’ అంటుంది. ‘ఐ కాంట్ బ్యాక్ యు అప్ ఆన్ దట్’ అంటే మాత్రం ‘ఈ విషయంలో నేను మీ పక్షాన లేను’. ఒక్క సర్వనామం మారితే వాక్యం ఆధారం మీంచి మనిషి మీదికి దూకుతుంది. క్లయింట్ ముందు రెండోది అనకండి.

ఇక ఏం చేయొచ్చు. మూడు దారులు కనబడుతున్నాయి.

మొదటిది, మేడమ్ దగ్గరికి వెళ్లి తెలుగులో మాట్లాడటం. ఆవిడా తెలుగువారే అని రాశారు, మరి ఇంగ్లీషు మెసేజులెందుకో నాకు అర్థం కాలేదు. “మేడమ్, ఆయన బ్యాకప్ ఫైల్ అడుగుతున్నాడనుకున్నాను. మీరన్న మాటకు ఆధారం అడుగుతున్నాడని తర్వాత తెలిసింది. మెసేజ్‌లో బ్యాక్డ్ అవుట్ అని రాసింది కూడా తప్పే, గాభరాతో నోరు పెగల్లేదని రాయబోయాను. ఆ ఫైల్ నా దగ్గరుంది, మీరు సరేనంటే ఇవాళే పంపే ఏర్పాటు చేస్తాను.” ఇంత చాలు, రెండు నిమిషాలు పట్టదు. దీంతో మీ ఇంగ్లీషు బలహీనత బయటపడుతుందన్న జంకు మీకుంటుంది. పడనివ్వండి. ఇప్పుడు ఆవిడ మనసులో ఉన్న అనుమానం ‘ఈ పిల్ల కావాలనే తప్పుకుంది’ అని. దానికంటే ‘మాట అర్థం కాలేదు’ అన్నది చాలా చిన్న లోపం.

రెండోది, ఆ ఆధారాన్ని ఆలస్యంగానైనా క్లయింట్‌కు చేర్చడం. మీరే నేరుగా మెయిల్ పెడితే పని త్వరగా అవుతుంది గానీ, మేడమ్‌ను దాటి వెళ్లినట్టుంటుంది, ఇప్పుడున్న ముభావానికి అది తోడవుతుంది. మెయిల్ మీరు తయారుచేసి ఆమె చేత పంపించడమో, ఆమె అనుమతితో ఆమెను కాపీలో పెట్టి మీరు పంపడమో మంచిది. మెయిల్లో నాలుగు వాక్యాలు మించనీయకండి: “ఆన్ లాస్ట్ వీక్స్ కాల్ వుయ్ సెడ్ ద డూప్లికేట్స్ వర్ ఆల్‌రెడీ ఇన్ ద ఫైల్ వుయ్ రిసీవ్డ్. ద ఒరిజినల్ ఫైల్ బ్యాక్స్ దిస్ అప్. ఫార్టీ వన్ రోస్ అప్పియర్ ట్వైస్. ద రో నంబర్స్ ఆర్ ఇన్ ద అటాచ్‌మెంట్.” అందులో ‘వుయ్’ని గమనించండి. ‘మై లీడ్ సెడ్’ అంటే మాట ఆవిడది, ఆధారం మీది అని విడిపోతుంది. ‘వుయ్’ అంటే ఇద్దరూ ఒకే వైపు.

ఒక జాగ్రత్త. మీ దగ్గరున్న ఫైల్ రుజువు చేసేది ‘మాకు చేరేసరికే డూప్లికేట్లు ఉన్నాయి’ అన్నంతవరకే. అవి క్లయింట్ సిస్టమ్‌లో పుట్టాయా, మధ్యలో పంపేటప్పుడు చేరాయా అన్నది ఆ ఫైల్ చెప్పదు. కాబట్టి ‘రిసీవ్డ్’ అన్న మాట వదలొద్దు. ఆధారం ఎంతవరకు మోస్తుందో అంతే అనాలి, లేకపోతే మళ్లీ అదే ప్రశ్న ఎదురొస్తుంది. ఇంకా, ఫైల్లో కస్టమర్ల పేర్లు, అకౌంట్ నంబర్లు ఉంటే యథాతథంగా అటాచ్ చేయకండి. వరుసల సంఖ్యలు మాత్రం ఇవ్వండి, లేదా మీ ఆఫీసు అనుమతించిన దారిలో పంపండి.

మూడోది, ఏమీ మాట్లాడకుండా వదిలేయడం. కొన్ని గొడవలు అలా చల్లారతాయి కూడా. ఇది చల్లారకపోవచ్చు, ఎందుకంటే మీ మెసేజ్ రాతపూర్వకంగా ఆవిడ ఫోన్లో ఉంది, డూప్లికేట్ల సంగతి తేలకుండా క్లయింట్ దగ్గర ఉంది. వచ్చే కాల్‌లో అదే ప్రశ్న మళ్లీ వస్తే అప్పుడూ మీవైపే చూస్తారు. నన్నడిగితే మొదటిది రేపే, రెండోది ఆవిడ ఒప్పుకుంటే వచ్చే కాల్ లోపే. ఆవిడ స్వభావం తెలిసింది మీకు, ఏ వేళలో మాట్లాడితే వింటారో మీరే చూసుకోండి.

కాల్స్‌లో నోరు మూసుకోవడం అనే ఆలోచన మానండి. ఫైళ్లు చూసేది మీరైతే ప్రశ్న మీ దగ్గరికే వస్తుంది. కాల్‌కు ముందు ఒక పని చేయండి. ఆ రోజు మీ టీమ్ చెప్పబోయే గట్టి మాటలు రెండో మూడో ఉంటాయి. ప్రతిదాని పక్కనా ఆధారం ఏ ఫైలు, ఏ తేదీ, ఏ వరుస అని కాగితం మీద రాసి పెట్టుకోండి. ‘లెట్ మి బ్యాక్ దట్ అప్ విత్’ అని మొదలుపెట్టి ఆ కాగితం చదివితే చాలు.

కోర్సు విషయం. నెలలో ఐదొందల ఫ్రేజల్ వెర్బ్స్ (బ్యాక్ అప్ లాంటి తోక ఉన్న క్రియలు) నేర్పుతామనే చోట డబ్బు పోయకండి. అర్థాల జాబితా బట్టీపడితే మీకు జరిగిందే మళ్లీ జరుగుతుంది: ఒక అర్థం గుర్తుంటుంది, మిగతా నాలుగూ ఎగిరిపోతాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో ‘సమ్‌బడీ’ అని ఉంటే మనిషి, ‘సమ్‌థింగ్’ అని ఉంటే వస్తువో విషయమో. లాంగ్‌మన్‌లో అప్ ముందు రెండు మొనల బాణం గుర్తు ఉంటే, కర్మపదం అటూ ఇటూ జరగగలదని. మీ నోటుబుక్‌లో క్రియ ఒక్కటే రాసుకోకండి, కర్మపదంతో, చివరి చిన్నమాటతో పూర్తి వాక్యం రాసుకోండి. వారానికి మూడు చాలు, అవీ ఆ వారం కాల్‌లో మీరు విన్నవే. జనం మధ్య నోరు పెగలడానికి అభ్యాసం కావాలంటే అప్పుడు కోర్సు వేరే మాట. పదిమంది లోపు ఉండి, అందరిచేతా మాట్లాడించే చోట చేరండి.

ఇక మీ తమ్ముడి సలహా. ‘స్టాండ్ బై’ మంచి మాటే. కష్టంలో ఉన్న మనిషిని విడవకుండా ఉండటానికి వాడతారు, జబ్బుపడిన భర్తకు తోడున్న భార్యకు, ఆరోపణలు వచ్చిన స్నేహితుడి పక్కన నిలబడినవాడికి. మీ మేడమ్‌కు అంత ఆపదేం రాలేదు, ఆ మాట అక్కడ బరువెక్కువ. ఒకరు ఎవరినైనా దెప్పుతుంటే అడ్డుపడటానికైతే ‘స్టాండ్ అప్ ఫర్’, మాటల్లో ‘స్టిక్ అప్ ఫర్’. పైగా ‘స్టాండ్ బై’కి ఇంకో అర్థం ఉంది. కర్మపదం లేకుండా ‘షి జస్ట్ స్టుడ్ బై’ అంటే, జరగకూడనిది జరుగుతుంటే ఏమీ చేయకుండా చూస్తూ నిలబడిందని. ఆ రాత్రి కాల్ గురించి మేడమ్ మనసులో ఉన్న ఫిర్యాదు సరిగ్గా అదే కాబట్టి, ఆ మాట మాత్రం ఆమెకు పంపకండి.